టాస్‌కీ మొదటి బంతికీ మధ్య అరగంట

బెంగళూరు,
15 సెప్టెంబరు 2025

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. పక్కన మా ఆవిడ ఉంది మరి. డబ్బు కట్టి మన సొంత టీమ్ పెట్టుకునే ఆ క్రికెట్ ఫాంటసీ యాప్‌లు జూదమా, తెలివితేటల ఆటా అని కదా అడిగావు? తెలివితేటల ఆటేరా. నా డబ్బులు పోయింది అందుకే.

నా ఫోన్‌లో ఉన్న యాప్ పేరు వదిలెయ్, అన్నీ ఒక తానులో ముక్కలే. ఆటగాళ్లని కొనుక్కోడానికి 100 క్రెడిట్లు ఇచ్చేవారు. ఆ రోజు ఆడే రెండు జట్లలోంచి ఆ వందలోపు పదకొండు మందిని ఏరుకోవాలి. పెద్ద బ్యాటర్లు పదేసి క్రెడిట్లు తినేస్తారు, కాబట్టి ఎక్కడో ఒక కొత్త కుర్రాణ్ణి చవగ్గా సర్దుకోవాలి. నేనాడినప్పుడు పరుగుకో పాయింటు, వికెట్‌కి పాతిక, క్యాచ్‌కి ఎనిమిది. డకౌటైతే కోత. కెప్టెన్‌గా పెట్టినవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు. కథంతా ఆ రెట్టింపులోనే ఉంది.

పెళ్లికి ముందు, ఐపీఎల్ సాయంత్రాల్లో మా రూమ్ చూడాల్సింది. ఏడింటికి టాస్ పడుతుంది, జట్లు తెలుస్తాయి. ఏడున్నరకి మొదటి బంతి, ఆలోపే టీమ్ ఖాయం చేసుకోవాలి. ఆ అరగంట ఎవడూ నోరు విప్పేవాడు కాదు. కుక్కర్ ఐదో విజిల్ వేసినా లేచేవాడు లేడు. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్, అంటే ఆట మధ్యలో ఒకణ్ణి మార్చుకునే పద్ధతి, వచ్చాక టెన్షన్ ఇంకా పెరిగింది. నమ్ముకున్న బ్యాటర్ పదకొండు మందిలో ఉండడు, సబ్‌స్టిట్యూట్ల పేర్లలో ఉంటాడు. దింపుతారా, దింపరా? మా రూమ్మేట్ టెలిగ్రామ్‌లో ఒక "గురువు" గ్రూపులో చేరాడు. ఆయన రోజూ నాలుగైదు టీములు పంపేవాడు. ఏదో ఒకటి తగిలితే మర్నాడు దాని స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టేవాడు. మిగతావి డిలీట్!

గ్రాండ్ లీగ్ అని ఒకటుండేది. 49 రూపాయలు కడితే చాలు, మొదటి బహుమతి కోటి. లక్షల మంది దూకేవారు. అందులో అందరూ కోహ్లీనే కెప్టెన్ చేశారనుకో, కోహ్లీ సెంచరీ కొట్టినా నీ ర్యాంకు కదలదు. నీతోపాటు ఊరంతా పైకొచ్చిందిగా! గెలవాలంటే ఎవరూ పెట్టనివాణ్ణి కెప్టెన్‌గా పెట్టాలి, వాడు ఆ రోజే చెలరేగాలి. ఆరితేరినవాడు ఒక్క టీముతో రాడు. కెప్టెన్‌ని మార్చి మార్చి ఇరవై టీములు వేస్తాడు. ఎక్సెల్ షీట్లు, పిచ్ లెక్కలు, ఏ బ్యాటర్ ఏ బౌలర్‌కి ఎన్నిసార్లు అవుటయ్యాడో అన్నీ వాడి దగ్గర ఉంటాయి. నేనేమో ఆఫీస్ క్యాబ్‌లో ఊగుతూ టీమ్ పెట్టేవాణ్ణి. అమెరికాలో 2015 బేస్‌బాల్ సీజన్ మొదటి సగానికి లెక్క తీస్తే, ఇలాంటి ఫాంటసీ ఆట ఆడినవాళ్ల లాభాల్లో 91 శాతం కేవలం 1.3 శాతం మందికి వెళ్లిందట. తెలివితేటల ఆటే అన్నానుగా, కాకపోతే ఆ తెలివి నాది కాదు.

కంపెనీకి ఎవడు గెలిచినా ఒకటే. వంద మంది తలా యాభై వేస్తే ఐదువేలు. అందులో 4,200 బహుమతులకి పంచి 800 ఉంచుకుంటుందనుకో. పేకాట క్లబ్బువాడు టేబుల్ డబ్బులు తీసుకున్నట్టే.

పేకాటంటే గుర్తొచ్చింది. ఈ కంపెనీలు తలదాచుకున్న గొడుగు మన సికింద్రాబాద్‌దే, తెలుసా? అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1968లో రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి, కాబట్టి అది జూదం కాదని తీర్పొచ్చింది. 2017లో డ్రీమ్11 అనే ఫాంటసీ యాప్ విషయంలో పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా అదే దారి పట్టింది. తమాషా ఏంటంటే అదే ఏడాది తెలంగాణ, 2020లో ఆంధ్ర, నైపుణ్యమైనా సరే డబ్బు పెడితే కుదరదని తలుపులు మూసేశాయి. అందుకే నువ్వక్కడ బాగుపడ్డావు, నేనిక్కడ చెడ్డాను.

ఊరొచ్చేటప్పుడు నా అవస్థ చూడాల్సింది. రైలు గౌరిబిదనూరు దాటేలోపు టీమ్ పెట్టెయ్యాల్సి వచ్చేది. హిందూపురం వచ్చిందంటే యాప్ లొకేషన్ చూసి, మీ రాష్ట్రంలో కుదరదని మొండికేసేది. కిందటేడు ఉగాదికి వస్తుంటే సిగ్నల్ పోయి ఆ ఛాన్స్ తప్పిపోయింది. నేననుకున్న కెప్టెనే ఆ రోజు దంచి కొట్టాడు. పోయిన డబ్బు కంటే ఆ రాని డబ్బుకే ఎక్కువ ఏడ్చానురా. మర్నాడు రెట్టింపు పెట్టాను, అదీ పోయింది.

మూడు సీజన్లలో మొత్తం నలభై ఒక్క వేలు. ఒకేసారి పోతే గుండె ఆగేది. నలభై తొమ్మిదులుగా పోయాయి కాబట్టి తెలీలేదు. 2023 అక్టోబరు నుంచి వేసిన డబ్బు మీదే 28 శాతం జీఎస్టీ, అంటే వందలో దాదాపు 22 రూపాయలు ఆట మొదలవకముందే గోవిందా. కంపెనీ ఏమో దాన్ని బోనస్ కింద తిరిగిచ్చి నొప్పి తెలీనివ్వలేదు.

తర్వాత సంగతి పేపర్లో చూసే ఉంటావు. ఆగస్టులో రెండు రోజుల్లో పార్లమెంటు రెండు సభలూ ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధించే బిల్లు పాస్ చేశాయి, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బాటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, నాకు నేను వేసుకున్నది చాలనేమో. టీమిండియా జెర్సీకి 358 కోట్లు పెట్టిన డ్రీమ్11 కూడా తప్పుకుంది. యాప్‌లో నావి 212 రూపాయలు మిగిలితే వెనక్కి తీసుకున్నాను.

నిన్న పాకిస్థాన్‌తో దుబాయ్ మ్యాచ్ చూశావా? జెర్సీ ముందు స్పాన్సర్ పేరు లేదు, ఇండియా అని ఒక్క మాటే. ఎంత బావుందో! సూర్య సిక్స్‌తో ముగించాడు. రూపాయి పెట్టకుండా హాయిగా చూస్తున్నాననే అనుకున్నాను. కానీ కుల్దీప్ మూడో వికెట్ తీయగానే నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "డెబ్బై అయిదు!"

"ఏంటండీ డెబ్బై అయిదు?" అంది మా ఆవిడ.

"ఏం లేదు, టీ పెట్టనా?" అన్నాను.

దసరాకి వస్తున్నాం. ఈ ఉత్తరం చదివి చించెయ్‌రా బాబూ.

నీ
రమణ