మీకు షుగరా సార్?

ఒరేయ్ శీనూ,

కూల్‌డ్రింకులు మానేసి మూడు నెలలైనా పొట్ట తగ్గలేదని రాశావు. నవ్వొచ్చిందిరా, నాదీ అదే కథ!

మొన్న ఆదివారం కూర్చుని లెక్కేశాను. ఇంట్లో రెండు టీలు, ఆఫీసు పక్క బడ్డీకొట్టులో మూడు. ఒక్కోదాంట్లో రెండు చెంచాలు. మొత్తం పది చెంచాలు, అంటే 40 గ్రాముల పంచదార. 300 మి.లీ. కూల్‌డ్రింకులో ఉండేదే 30 గ్రాముల పైచిలుకు. పంచదారలాంటివి రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నేనేమో సీసా ముట్టనని కాలర్ ఎగరేస్తూ, సీసాడు కంటే ఎక్కువే లాగించేస్తున్నాను.

సరే, "పంచదార లేకుండా ఇవ్వు బాబూ" అన్నానా, బడ్డీకొట్టు కుర్రాడు జాలిగా చూసి "మీకు షుగరా సార్?" అన్నాడు. రాకూడదనేరా బాబూ అంటే పక్కనున్నవాళ్లంతా నవ్వారు. తీరా చూస్తే పాలు మరిగేటప్పుడే గిన్నెలో పంచదార గుమ్మరించేశాడు, ఇంక తగ్గించేదేముంది! ఇప్పుడు అక్కడ డికాక్షన్‌లో నిమ్మకాయ పిండించుకుంటున్నాను. ఇంట్లో రెండు చెంచాల నుంచి ఒకటిన్నరకి, తర్వాత ఒకటికి దిగాను. మొదటి వారం నరకం. ఇప్పుడు పాత టీ తాగితే పానకంలా ఉంది.

బెల్లం టీ తాగుతున్నానన్నావు. అదీ ఆ తానులో ముక్కేరా. బత్తాయి జ్యూస్ కూడా అంతే, పిప్పి అంతా వడగట్టేసి తీపి మిగుల్చుకుంటాం. పైగా బండివాడు చెప్పకుండానే ఓ గరిటె పంచదార పాకం పోస్తాడు. కాయే తిను. పిల్లలకి పాలల్లో కలిపే పొడి డబ్బా కూడా తిప్పి చూడు. ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాస్తారు. అలాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' కింద అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రమే ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పింది.

మధ్యాహ్నానికి మాత్రం పల్చటి మజ్జిగ. అల్లం, పచ్చిమిర్చి దంచి, కరివేపాకు నలిపి వేస్తుంది మా ఆవిడ. నీకు బీపీ కదా, ఉప్పు చిటికెడే వేసుకో. సుగంధి సోడా ఒక్కటే వదల్లేకపోతున్నాను, నెలకోసారి తాగుతాను. తిట్టకు.

వచ్చే నెల మీ ఊరొస్తున్నాను. పిన్ని కాఫీలో ఒక్క చెంచా చాలని నువ్వే చెప్పి ఉంచు. నాకు ధైర్యం లేదు.

నీ
రాజు