చిన్న బల్బులు, పాదరసం లైట్లు: రాయగడలో మన షాపు కస్టమర్లకి ఒక మాట

అందరికీ నమస్కారం అండి. రాయగడలోనే కాదు, జేకేపూర్, తెరుబలి, మునిగుడ, గుణుపురం నించి కూడా బల్బు చేత్తో పట్టుకుని మన షాపుకి వస్తున్నారు కదా, మీ అందరికీ ఇది. ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఇకనించి మన దగ్గర కొత్త సీఎఫ్ఎల్‌లు గానీ చోక్, స్టార్టర్‌తో వెలిగే పాత రకం ట్యూబ్‌లైట్లు గానీ అమ్మం. మీ ఇంట్లో కాలిపోయినవి మాత్రం, ఎక్కడ కొన్నవైనా సరే, పగలకుండా తెస్తే తీసుకుంటాం, దానికి మీ దగ్గర పైసా పుచ్చుకోం, మేమూ ఇవ్వం.

చాలామంది అడిగారు, హోల్‌సేల్‌లో ఇంకా దొరుకుతున్నాయి, అడిగేవాళ్లు ఉన్నారు, చేతికొచ్చిన బేరం ఎందుకు వదులుకోవడం అని. కారణం పాదరసం అండి. ట్యూబ్‌లైట్ వెలిగేది దానివల్లే, లోపల పాదరసం ఆవిరి మీద కరెంటు పారితే కంటికి కనబడని అల్ట్రా వయొలెట్ పుడుతుంది, గాజు లోపలి గోడకి పూసిన తెల్ల పొడి దాన్ని మనకి కనబడే వెలుగుగా మారుస్తుంది. అంటే పాదరసం లేకుండా ఆ రకం లైటు చెయ్యడం కుదరదు. సీఎఫ్ఎల్‌లో ఉండేది 5 మిల్లీగ్రాముల లోపే, కంటికి ఆనదు. పాత లావు ట్యూబుల్లో ఇంకాస్త ఎక్కువ. జ్వరం చూసే గాజు థర్మామీటర్‌లో గ్రాము దాకా ఉంటుంది, డాక్టర్ల దగ్గర ఉండే పాత పాదరసం బీపీ మిషన్‌లో అయితే 100 గ్రాముల దగ్గర. కాబట్టి ఇంట్లో ఒక సీఎఫ్ఎల్ పగిలిందని ఎవరూ ప్రాణభయం పెట్టుకోనక్కర్లేదు, ఆ మాట కూడా గట్టిగానే చెప్తున్నాను. నా బాధ ఒక బల్బు గురించి కాదు, మన ఊళ్లో ప్రతి ఇంటి నించి, ప్రతి ఆఫీసు నించి, ప్రతి స్కూలు నించి ఏళ్ల తరబడి బయటికి వస్తున్న బల్బులన్నీ ఎక్కడికి పోతున్నాయా అని.

ఎక్కడికి పోతాయో మనందరం చూస్తున్నదే. చెత్త బండిలోకి, లేదంటే పాత సామాన్లు కొనే కబాడీకి. కబాడీ దగ్గర పనిచేసే కుర్రాళ్లు ట్యూబుని నేలకేసి కొట్టి, రెండు చివర్ల ఉండే అల్యూమినియం టోపీలు ఏరుకుని గాజు కాలవలో పారేస్తారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు, అందులో ఏముందో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చేతికి గ్లౌజు లేదు, మూతికి గుడ్డ లేదు, ఆ పొడీ ఆవిరీ ముందు పీల్చేది వాళ్లే. తరవాత ఆ కాలవ వెళ్లేది నాగావళిలోకి. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లే వాళ్లందరూ చూసే ఏరే అది, ఇక్కణ్ణించి పార్వతీపురం వైపు దిగి తోటపల్లి బ్యారేజీ దాటి శ్రీకాకుళం మీదుగా సముద్రంలో కలుస్తుంది, ఆ దారి పొడుగునా మన చుట్టాలే ఉన్నారు. నీటి అడుగున బురదలో ఉండే బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీ అనే ఇంకా ప్రమాదమైన రూపంలోకి మారుస్తుంది, అది చిన్న చేపలోకి, చిన్న చేపని తిన్న పెద్ద చేపలోకి పోగుపడుతూ వస్తుంది, చివరికి మన కంచంలోకి. జపాన్‌లో మినమాటా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం వల్ల చేపలు తిన్న వాళ్లకి నరాలు దెబ్బతిన్నాయి, కడుపులో ఉన్న బిడ్డలకి కూడా తగిలింది, ఆ జబ్బు 1956లో బయటపడింది. మన బల్బులకీ ఆ ఫ్యాక్టరీకీ పోలికే లేదు, కానీ పాదరసం ఒకసారి నీళ్లలోకి వెళ్తే తిరిగి తియ్యడం ఎంత కష్టమో తెలిసింది అక్కడే.

ఆ ఊరి పేరు మీదే, పాదరసం వాడకం తగ్గించాలని 2013లో చాలా దేశాలు ఒప్పందం రాసుకున్నాయి, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, 2018లో మన దేశం కూడా ఒప్పుకుంది. 2023లో జెనీవాలో కూర్చున్నప్పుడు, మామూలు వెలుగు కోసం వాడే ట్యూబ్‌లైట్ల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027 కల్లా ఆగిపోవాలని తేల్చారు. ఎలాగూ ఆగిపోయే సరుకే కదా, ఆఖరి స్టాకు చవగ్గా వస్తోందని ఇప్పుడు గోడౌన్‌లో నింపుకుని మీ ఇళ్లకి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. అంతే.

పాత పట్టీలు ఉన్నవాళ్లు కంగారు పడకండి, పట్టీ మార్చక్కర్లేదు. ఎల్ఈడీ ట్యూబు అందులోనే పెట్టొచ్చు, కాకపోతే చోక్, స్టార్టర్ తీసేసి వైరు మార్చాలి. ఇక్కడ జాగ్రత్త. కొన్ని ఎల్ఈడీ ట్యూబులకి కరెంటు ఒక చివరే ఇవ్వాలి, కొన్నిటికి రెండు చివర్లా ఇవ్వాలి, డబ్బా మీద బొమ్మ ఉంటుంది, అది చూడకుండా కలిపితే ఫ్యూజు ఎగురుతుంది. ఇంట్లో వైరింగు తెలిసినవాళ్లు లేకపోతే పట్టీ విప్పి షాపుకి తెండి, మన కుర్రాడు మీ ముందే మార్చి వెలిగించి ఇస్తాడు.

ఇప్పుడు పగిలితే ఏం చెయ్యాలో. ఇది ఇంట్లో ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా చెప్పి ఉంచండి. ముందు ఫ్యాను ఆపెయ్యండి, కిటికీలు, బయటి వైపు తలుపు తెరవండి, పిల్లల్ని, గర్భంతో ఉన్నవాళ్లని పక్క గదిలోకి పంపెయ్యండి, ఓ పావుగంట ఎవరూ లోపలికి వెళ్లొద్దు. ఆ తరవాత చీపురు మాత్రం పట్టొద్దు. మనకి చెయ్యి ముందు చీపురు మీదకే వెళ్తుంది, అదే అసలు ఇబ్బంది, ఊడిస్తే ఆ పొడి ఇల్లంతా లేస్తుంది, తరవాత అదే చీపురుతో వంటిల్లు ఊడుస్తారు. వాక్యూమ్ క్లీనరూ వద్దు. రెండు అట్టముక్కలు తీసుకుని గాజు ముక్కలు ఎత్తండి, సన్నపొడి మీద సెల్లో టేపు అతికించి లాగండి, చివర్లో తడి పేపరుతో తుడవండి, మొత్తం మూత గట్టిగా పట్టే గాజు సీసాలో, ఆవకాయ జాడీ కాదండి, మళ్లీ వాడని సీసా ఏదైనా, వేసి మూత పెట్టి బయట ఉంచండి. దుప్పటి మీద పగిలితే ఆ దుప్పటి వాషింగ్ మిషన్‌లో వెయ్యొద్దు. ఆ సీసా మూత తియ్యకుండా అలాగే తెండి, తీసుకుంటాం.

ఏ లైట్లో పాదరసం ఉంది, ఏ లైట్లో లేదు అన్న గందరగోళం చాలామందికి ఉంది. పాత పసుపు వెలుగు బల్బు, హాలోజన్, ఎల్ఈడీ, స్విచ్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే చిన్న నియాన్ ఇండికేటరు, వీటిల్లో లేదు, పగిలితే గాజు గుచ్చుకోకుండా చూసుకుంటే చాలు. ట్యూబులు, సీఎఫ్ఎల్‌లు, వీధి దీపాల్లో వాడిన మెర్క్యురీ వేపర్, మెటల్ హాలైడ్, పసుపు వెలుగిచ్చే సోడియం దీపాలు చాలావాటిల్లో ఉంటుంది. ఎవరూ ఊహించని చోట్ల కూడా ఉంటుంది: స్కూలు ప్రొజెక్టరు లాంపులో, పాత ఎల్‌సీడీ టీవీ వెనకాల ఉండే సన్న ట్యూబుల్లో, పాత ఎమర్జెన్సీ లైట్లో, వాటర్ ఫిల్టర్ లోపలి యూవీ ల్యాంపులో, స్వీటు షాపుల్లో ఈగల కోసం తగిలించే నీలం లైట్లో. ఈ ఆఖరిది చూస్తేనే నాకు మనసు ఊరుకోదు, చాలాచోట్ల సరిగ్గా జిలేబీ పళ్లేల పైనే వేలాడదీస్తున్నారు, ట్యూబు పగిలితే గాజూ పొడీ నేరుగా తినే వస్తువులో పడతాయి. దయచేసి పక్కకి జరపండి. పగిలినా ముక్కలు కింద పడకుండా పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న ట్యూబులు వస్తాయి, ఆ మిషన్లకి వేరే దారి లేదు కాబట్టి అవి మటుకు తెప్పిస్తున్నాను.

వాటర్ ఫిల్టర్ యూవీ ల్యాంపు కూడా అంతే, దాని పని చేసే ఎల్ఈడీ మన ఇళ్లల్లో ఉన్న ఫిల్టర్లకి సరిపడేది నా దగ్గర లేదు, కాబట్టి పాదరసం ఉన్నదే ఇస్తాను, పాతది తప్పనిసరిగా వెనక్కి తీసుకుంటాను. నీలంగా వెలుగుతోంది కదా బాగానే ఉంది అనుకోకండి, ఆ నీలం అలాగే ఉంటుంది, సూక్ష్మజీవుల్ని చంపే అసలు కిరణం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. కంపెనీ చెప్పిన గంటలు అయ్యాక మార్చాల్సిందే. మార్చేటప్పుడు ప్లగ్గు పీకి మరీ మార్చండి, వెలుగుతున్న దాన్ని నేరుగా చూస్తే కళ్లు పాడవుతాయి.

ఇక చిన్న బల్బుల సంగతి. మన షాపు నిలబడిందే వీటి మీద, లాభం తక్కువైనా వీటిని ఆపను. కుట్టు మిషన్ బల్బు, ఫ్రిజ్ బల్బు, ఓవెన్ బల్బు, టార్చి బల్బు, మైక్రోస్కోపు బల్బు, కంటి డాక్టర్ల స్లిట్ ల్యాంపు బల్బు, బండి మీటరులో గోరంత బల్బు. ఒక్కటే కోరిక: పాత బల్బు తెండి. కాలిపోయిందని పారెయ్యకండి, ఆ కాలిపోయినదే నాకు కావాల్సింది. ఫోన్లో "చిన్న బల్బు అండి, వేలంత ఉంటుంది" అంటే నేను ఏది తియ్యాలి చెప్పండి. దాని మొదట్లో లోహం మీద ఓల్టు, వాటు సన్నగా చెక్కి ఉంటాయి, కనబడకపోతే ఫోను టార్చి ఏటవాలుగా వేసి ఫొటో తీసి పంపండి. మర ఉన్నదైతే ఈ14, ఈ10 అంటారు, అది మర వెడల్పు మిల్లీమీటర్లలో. నొక్కి తిప్పేదైతే బీ22, బీ15. రెండు సూదులు ఉన్నదైతే జీ4, అంటే సూదుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు.

మొన్న ఒక పాథాలజీ ల్యాబు అబ్బాయి వచ్చాడు, మైక్రోస్కోపులో కొత్త బల్బు వేసినా స్లైడు చీకటిగానే ఉందట, మిషనే పాడైందని వేరేచోట చెప్పారట. బల్బు తీసి చూస్తే సూదులు సరిపోయాయి, సైజు సరిపోయింది, 20 వాట్లూ సరిపోయాయి, కానీ అది 12 ఓల్టులది, అతని మైక్రోస్కోపు ఇచ్చేది 6 ఓల్టులు. సగం ఓల్టు అందితే సగం వెలుగు వస్తుందనుకుంటాం, రాదండి, అంతకంటే చాలా పడిపోతుంది, రంగు కూడా ఎర్రబారుతుంది. 6 ఓల్టులది పెట్టగానే బాగుపడింది. అదే తిరగేసి 6 ఓల్టులది 12 చోట పెడితే క్షణంలో పోతుంది. అందుకే ముందు ఓల్టు, తరవాతే మిగతావి.

హాలోజన్ బల్బు గాజుని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది, కవరుతోనే పట్టుకుని పెట్టండి, ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి ఆరాక వెలిగించండి. ఓవెన్ బల్బు బదులు ఎల్ఈడీ అడుగుతున్నారు, ఇవ్వను. ఓవెన్ బల్బు 300 డిగ్రీలు తట్టుకునేలా చేస్తారు, ఎల్ఈడీ లోపలి సర్క్యూట్ ఆ వేడికి కరిగిపోతుంది. ఫ్రిజ్‌కీ కుట్టు మిషన్‌కీ మటుకు ఎల్ఈడీయే మంచిది, టైలరింగు చేసే అక్కలకి నుదుటి దగ్గర ఆ వేడి తగ్గుతుంది.

కొన్ని బల్బులు షాపులో ఉండవు, విశాఖపట్నం నించి రావాలి. ఒక్క బల్బు కోసం పార్సిలు వేయిస్తే బల్బు ధర కంటే రవాణా ఎక్కువవుతుంది కాబట్టి నాలుగైదు ఆర్డర్లు కలిశాకే తెప్పిస్తున్నాం, ఆలస్యం అవుతుంది, ఆ మాట ముందే చెప్తున్నాను. అర్జంటు అంటే, హాస్పిటల్ వాళ్లకైతే, ఒక్కదాన్నైనా తెప్పిస్తాను, రవాణా మాత్రం వాళ్లే పెట్టుకోవాలి.

మీరిచ్చిన పాదరసం లైట్లు ఏమవుతాయని కొందరు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. పాత అట్టపెట్టెల్లో నిలబెట్టి, తాళం వేసిన వెనక గదిలో ఉంచుతున్నాం, అక్కడ వేరే సరుకు పెట్టం, కూర్చునే మనిషీ ఉండడు. రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే పంపుతాం, లోడు నిండాక, వాళ్లిచ్చిన కాయితం షాపు గోడకి అంటిస్తాం. వాళ్ల దగ్గర గాజు, అల్యూమినియం, పొడి విడదీసి, పొడిని వేడి చేసి పాదరసాన్ని ఆవిరిగా పట్టుకుంటారు. ఇళ్ల నించి వచ్చే వాటి ఖర్చు షాపుది. కాలేజీలు, ఫ్యాక్టరీలు, హాస్టళ్లు వందల ట్యూబులు ఆటోలో వేసి పంపొద్దు, 2023 ఏప్రిల్ నించి అమల్లో ఉన్న ఈ-వేస్టు రూల్స్ ప్రకారం పెద్దగా వాడే సంస్థలు నేరుగా రిజిస్టర్ అయిన వాళ్లకే అప్పగించాలి. ఎలా రాయాలి, ఎవరికి ఫోను చెయ్యాలి కావాలంటే వచ్చి కూర్చోండి, చెప్తాను.

తెచ్చేటప్పుడు ట్యూబుని పాత పేపర్లో చుట్టి, బండి వెనకాల నిలువుగా పట్టుకోండి, నాలుగు కలిపి తాడుతో బిగించి కట్టకండి, గతుకుల్లో ఒకదానికొకటి తగిలి పగుల్తాయి. పాదరసం థర్మామీటర్లు, బీపీ మిషన్లు మాత్రం మన దగ్గరికి తేవద్దు, అంత పాదరసం పెట్టుకునే ఏర్పాటు షాపులో లేదు, వాటిని కొన్న హాస్పిటల్ ద్వారానే పంపాలి. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం భోజనాల వేళ తప్పించి ఎప్పుడొచ్చినా పాత లైట్లు తీసుకుంటాం, కౌంటర్ మీద పెట్టకుండా కుర్రాడి చేతికివ్వండి.