ఇనుపియాక్ గురించి బాబాయ్ గారికి

ఫెయిర్‌బ్యాంక్స్, అలాస్కా

బాబాయ్ గారికి నమస్కారాలు.

ఉత్తర అలాస్కా ఆదివాసుల భాష ఇనుపియాక్ వ్యాకరణం మొదలుపెడుతున్నారని పిన్ని చెప్పింది. పుస్తకం ఏ యాసదో ముందు చూసుకోండి. ఉట్కియాగ్విక్ వైపు నార్త్ స్లోప్ యాస, కొట్జెబ్యూ వైపు మాలిమియుట్. రెండూ కలిపి చదివితే గందరగోళమే.

అచ్చులు అ, ఇ, ఉ మూడే, వాటికి దీర్ఘాలు. మన వర్ణమాలలో ఊరికే కూర్చున్న ఙ, ఞ అక్కడ రోజంతా పనిచేస్తాయి. వాళ్ల రోమన్ లిపిలో చుక్క పెట్టిన ఎల్‌తో మాత్రం జాగ్రత్త. మన అలవాటు దాన్ని ‘ళ’ అనిపిస్తుంది, కానీ అది నాలుక మధ్యభాగం అంగిలికి తగిలే ‘ల్య’. ‘క్యూ’ గొంతు లోపల ఆగే ‘క’. హైదరాబాదీ ఉర్దూలో దాన్ని ‘ఖ’ చేసేస్తారు, ఇక్కడ అది కుదరదు.

‘ఇ’లు చెవికి ఒకటే, వ్యాకరణానికి రెండు. ‘ఇని’ (చోటు)కి ‘లు’ చేరిస్తే ‘ఇనిలు’, చోటూ అని. ‘ఇకి’ (గాయం)కి చేరిస్తే ‘ఇకిల్యు’. ‘ఇని’ చివరి ‘ఇ’ ఒకప్పుడు వేరే అచ్చు, అందుకే పక్క హల్లును మార్చదు. ఏది ఏదో మాటతోపాటే గుర్తుపెట్టుకోవాలి.

ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేరడం మీకు కొత్త కాదు. తికమక విభక్తిలోనే. ‘అఙున్ నిగిరుక్’ అంటే మనిషి తింటున్నాడు. ‘దాన్ని’ తింటున్నాడు అనాలంటే ‘అఙుతిమ్ నిగిగా’. మనం కర్మకు ‘ని’ పెడతాం, వాళ్లు కర్తకే గుర్తు పెడతారు. షష్ఠికీ అదే రూపం. క్రియలో ఆడా మగా తేడా లేదు. సంస్కృతంలోలా ద్వివచనం ఉంది: ఆ జాతి మనిషి ఒకరైతే ఇనుపియాక్ (చివర ‘క్యూ’), ఇద్దరు ఇనుపియాక్ (చివర మామూలు ‘క్’), ముగ్గురు మొదలు ఇనుపియాట్.

నాకు బాగా నచ్చింది లెక్క. కాళ్లూ చేతుల వేళ్లన్నీ కలిపి ఇరవై, అదే ప్రమాణం. పదంకెల పద్ధతిలో అది ఇమడక, 1994లో అలాస్కాలోని కాక్టోవిక్ ఊరి బడి పిల్లలు సొంత అంకెలు తయారుచేశారు. కింద నిలువు గీతలు ఒకట్లు, పైన అడ్డగీతలు అయిదులు. ఏడంటే పైన ఒక గీత, కింద రెండు. 46 రాయాలంటే రెండు, ఆరు: రెండిరవైలు, ఆరు. గీతలు కలిపితే కూడిక కంటికే కనిపిస్తుంది. 2022లో ఇవి కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చేరాయి. మీ ఫోన్లో ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదన్నమాట, నోటో ఫాంట్లలో వెతకండి.

మీ
రవి