రికంబెంట్ సైకిల్‌కు మోటారు అమర్చేముందు చైన్ దారి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

సైకిళ్లకు విద్యుత్ మోటారు అమర్చుకోవడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం మామూలు సైకిల్ వరకు ఎంతో ఉపయోగకరంగా ఉంది. అయితే వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే రికంబెంట్ సైకిళ్లకూ అదే పద్ధతి సరిపోతుందని చివర ఒక్క వాక్యంలో తేల్చేయడం సరికాదు. నడుము నొప్పితోనో మెడ నొప్పితోనో మామూలు సైకిల్‌కు దూరమైనవారు చాలామంది ఈ సైకిల్‌నే ఆశ్రయిస్తారు. మోటారు అవసరం వారికే ఎక్కువ కాబట్టి, ఆ వాక్యాన్ని నమ్మితే ఇబ్బంది పడేదీ వారే.

రికంబెంట్‌లో పెడళ్లు ముందు కొసన ఉండటం వల్ల, రెండున్నర నుంచి మూడు మామూలు చైన్లు కలిపితే తప్ప వెనుక చక్రం అందదు. అంత పొడవైన చైన్ ముందు చక్రానికి తగలకుండా సీటు కిందుగా సాగాలంటే చాలా నమూనాల్లో దాన్ని ఐడ్లర్ పుల్లీతో, అంటే చైన్ దారి మళ్లించే చిన్న చక్రంతో, వంచక తప్పదు. తిరిగివచ్చే కింది వరుస వదులుగా ఉంటుంది గనుక దాని పుల్లీ గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. చక్రాన్ని లాగే పై వరుస విషయం వేరు.

క్రాంక్ (పెడళ్లను తిప్పే ఇరుసు) దగ్గర బిగించే మోటారు 80 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుందనుకుంటే, పెడళ్ల దగ్గరి 42 పళ్ల చక్రం, అంటే చైన్‌రింగ్, మీద అది చైన్‌లో సుమారు 940 న్యూటన్ల బిగువును, అంటే దాదాపు 96 కిలోల బరువు వేలాడదీసినంత బిగువును పుట్టిస్తుంది. ఐడ్లర్ దగ్గర చైన్ 20 డిగ్రీలు వంగితే అందులో మూడో వంతు, సుమారు 33 కిలోల భారం, ఆ చిన్న పుల్లీ బేరింగ్ మీద పడుతుంది. తొక్కేవారి బలం దీనికి అదనం. కాలి ఒత్తిడి ప్రతి చుట్టులోనూ పెరిగి తగ్గుతుంది గానీ, ఎత్తు ఎక్కుతున్నంతసేపూ మోటారు లాగుడు సడలదు. పళ్లు లేని ప్లాస్టిక్ పుల్లీ మీద చైన్ లింకులు గాడి కోస్తాయి, గరగర మొదలవుతుంది. అందుకే పళ్లున్న గట్టి లోహపు ఐడ్లర్, సీలు వేసిన బేరింగులు, రెండు కొసల్లోనూ ఆధారం ఉన్న బోల్టు ముందుగా సమకూర్చుకోవాలి. వంపు కోణాన్ని సగానికి తగ్గించగలిగితే భారమూ ఇంచుమించు సగమవుతుంది.

1934లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల నుంచి తప్పించిన ఈ సైకిళ్లను మోటారు కిట్ల తయారీదారులు కూడా అంతగా పట్టించుకోలేదు. మామూలు ఫ్రేమ్‌లో మోటారు గిర్రున తిరిగిపోకుండా దాని పట్టీ వెనుక గొట్టాలకు ఆనుకుంటుంది. రికంబెంట్ ముందు కొసన ఆ గొట్టాలు ఉండవు కాబట్టి మోటారును పెడళ్లు మోసే గొట్టానికి విడిగా క్లాంపుతో బిగించాలి. ఇక మోటారును సీటు కింద పెట్టి, అదే చైన్‌ను తిప్పించాలనుకునేవారు క్రాంక్‌లో ఫ్రీవీల్ (ఒక వైపు తిరుగుడును మాత్రమే అందించే భాగం) తప్పనిసరిగా అమర్చాలి. అది లేకపోతే మోటారు పెడళ్లనూ తిప్పుతుంది. రికంబెంట్ తొక్కేవారి పాదాలు తరచుగా పెడళ్లకు బిగించి ఉంటాయి గనుక, కాళ్లు తీసే వీలు లేక మోకాళ్లకు దెబ్బ తగులుతుంది.

నా అభిప్రాయంలో ఎక్కువమందికి వెనుక చక్రపు హబ్ మోటారే, అంటే చక్రం నడుమ ఇమిడే మోటారే, మేలు. దాని బలం చైన్ మీదుగా పోదు కనుక ఐడ్లర్ ప్రశ్నే రాదు. ఇరుసు తిరిగి జారకుండా దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ అనే పట్టీ బిగిస్తే చాలు. అయితే గంటకు 25 కిలోమీటర్ల వేగానికి 20 అంగుళాల చక్రం నిమిషానికి దాదాపు 280 చుట్లు, 26 అంగుళాలది 200 చుట్లు తిరుగుతుంది. కాబట్టి మోటారును చక్రం కొలత చెప్పి తీసుకోవాలి. నిటారు ఎత్తులు రోజూ ఎక్కేవారికి మాత్రం గేర్ల సాయం అందే క్రాంక్ మోటారు తగినదే, పైన చెప్పిన ఐడ్లర్ మార్పుతో.

చైన్ దారినీ, ఐడ్లర్ బిగింపునూ చూపే బొమ్మతో ఆ వ్యాసానికి సవరణ ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు