ఐస్ ముక్కను మరిచిపోయాం

సంపాదకునికి,

ప్రయాణంలో కడుపు చెడితే అందరం తిండినే తిడతాం. నిరుడు నేనూ అంతే. తర్వాత గుర్తొచ్చింది: తాగింది సీల్ వేసిన సీసా నీళ్లే గానీ, జ్యూస్‌లో ఐస్ వేయించుకున్నాను! గడ్డకట్టినంత మాత్రాన క్రిములన్నీ చావవు. నీళ్లయితే ఒక నిమిషం తెర్లకాగాలి. జేబులో శానిటైజర్ ఉందన్న ధీమా కూడా పనికిరాదు, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దానికి అంతగా లొంగదు. సబ్బుతో 20 సెకన్లు రుద్దాల్సిందే.

అసలు పొరపాటు ఓఆర్‌ఎస్‌తో చేశాను. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌ను గ్లాసులో గుమ్మరించి తాగేశాను. ఉప్పు పాళ్లు మించితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ కొలత ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, నీరసంలో ఎవరికి కనపడుతుంది? సెలవుల ముందు మీ ఆరోగ్య పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక పాఠకుడు