92,003 మందిలో మేము ముగ్గురం

సఖినేటిపల్లి,
20 నవంబరు 2023

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరాలు మూడు వచ్చి ఉన్నా ఒక్కదానికీ జవాబు రాయని నా బద్ధకానికి ఏ శిక్ష వేస్తావో వెయ్యి, కానీ ముందు దీన్ని చివరిదాకా చదువు. మన ఇద్దరి నడుమ ఉన్నది ఒక్క వశిష్ఠ గోదావరేనని, పంటు ఎక్కితే నరసాపురం రేవులో దిగుతానని నాకు తెలియక కాదు. ఎదురుగా కూర్చుని చెప్పినా, ఫోనులో చెప్పినా నువ్వు సగంలో నవ్వేసి కథంతా పాడుచేస్తావు. అమెరికా నుంచి వచ్చి నెల దాటింది. అమ్మాయి, మనవడు కులాసా. కొబ్బరి దింపు అయింది, ధర సంగతి అడగవద్దు. ఇక అసలు విషయానికి వస్తాను.

మా అమ్మాయి వాళ్లు ఉండేది నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ అనే ఊరు. మొక్కజొన్న చేలు చూస్తూ ఐదు నెలలు ఎలా గడుపుతావే అని నువ్వు ఎగతాళి చేశావు, గుర్తుందా? ఆ ఊళ్లో ఆగస్టు 30వ తేదీ సాయంత్రం నేను వాలీబాల్ ఆట చూశాను. విశ్వవిద్యాలయం ఆడపిల్లల ఆట. చూడడానికి వచ్చిన జనం 92,003 మంది. అంకె తప్పుగా రాశాననుకోకు. క్రిందటి ఏడు బార్సిలోనాలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కు వచ్చిన 91,648 మందిని కూడా ఇది దాటిందట. నా లెక్కలో 92,000 మంది వాళ్ల వాళ్లు, మిగిలిన ముగ్గురూ నేను, అమ్మాయి, అల్లుడు. మన వాలీబాల్ జట్టు చివరి ఆటకు వచ్చిన పదకొండు మందీ, ఆ గేదే ఆ క్షణంలో నా కళ్ల ముందు వరుసగా నిలబడ్డారు.

అది మామూలుగా వాళ్ల ఫుట్‌బాల్ ఆడే మైదానం, 1923లో తెరిచినది. వాళ్ల ఫుట్‌బాల్ అంటే బంతి చంకన పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడేది. అంత మైదానం మధ్యలో పద్ధెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు కోర్టు పరిస్తే, మేము కూర్చున్న చోటికి బంతి నిమ్మకాయంత ఆనింది. పెద్ద తెర మీద చూడండి అత్తయ్యగారూ అని అల్లుడు పదే పదే చెప్పాడు కానీ నేను తల తిప్పలేదు.

ఈ జట్టు చరిత్ర అంతా మా అమ్మాయి పక్కింటి ముసలావిడ చెప్పింది. ముసలావిడ అంటున్నాను కానీ మనకంటే రెండేళ్లు చిన్నదే. ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలలో ఆడ, మగ తేడా చూపరాదని 1972లో అక్కడ చట్టం వచ్చిందట, ఆటలు కూడా దాని కిందికే వచ్చాయట. 1975లో ఈ ఆడపిల్లల జట్టు మొదలయింది. 1975, వింటున్నావా? మన జట్టును రద్దు చేసిన ఏడు! ఆడపిల్లల ఆట చూడడానికి ఎవరు వస్తారమ్మా అని, ఆ బల్ల వెనుక కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుంటూ అన్న మాట నలభై ఎనిమిదేళ్లుగా నా చెవిలో ఉంది. అందుకే ఆ అంకె ప్రకటించగానే నేను లేచి నిలబడి, "వచ్చారండీ, చూడండి!" అని తెలుగులోనే అరిచాను. పక్కవాళ్లు ఏమీ తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. అమ్మాయి మాత్రం నా కొంగు పట్టుకుని లాగింది.

1977లో టెర్రీ పెటిట్ అనే ఆయన శిక్షకుడుగా వచ్చి, మొదటిసారి దేశం మొత్తం మీద గెలిపించింది 1995లో. అంటే పద్ధెనిమిదేళ్లు ఓపిక పట్టారు. మనకు మూడేళ్లే ఎక్కువయ్యాయి. 2000లో జాన్ కుక్ వచ్చిన మొదటి ఏడే 34 ఆటలు ఆడి 34 గెలిచారు. ఆ తరువాత 2006, 2015, 2017, మొత్తం ఐదుసార్లు. 2001 నుంచి సొంత ఊళ్లో వాళ్లు ఆడే ఏ ఆటకూ టిక్కెట్టు మిగలలేదట. క్రిందటి ఏడు విస్కాన్సిన్ వాళ్లు ఒక ఆటకు 16,833 మందిని రప్పించి గొప్ప చెప్పుకున్నారట, దానికి వీళ్ల జవాబు ఈ మైదానం. పంతమంటే అలా ఉండాలి!

అవతలి జట్టు ఒమాహాది, అదే విశ్వవిద్యాలయం వారి మరో శాఖ. 25-14, 25-14, 25-13తో లింకన్ పిల్లలే గెలిచారు. మన రోజుల్లో సర్వీసు చేసిన వాళ్లకే పాయింటు, పదిహేనుకు సెట్టు. ఇప్పుడు ప్రతి బంతికీ ఎవరికో ఒకరికి పాయింటు వస్తుంది. ఎంత వెతికినా నీ ఇడ్లీ సర్వీసు మాత్రం వాళ్లలో ఒక్కదానికీ రాదు.

నిజం చెప్పాలంటే నేను ఆటకంటే నెట్టునే ఎక్కువ చూశాను. ఆడవాళ్ల నెట్టు ఎత్తు 2.24 మీటర్లు, మగవాళ్లది 2.43. మనం మూడేళ్లూ మగపిల్లల నెట్టు మీదే ఆడాం, దించితే సాయంత్రం వాళ్లు మళ్లీ ఎత్తుకోవాలట! జానెడుకు కాస్త తక్కువ తేడా. ఆ కాస్త కోసం నువ్వు ఎగిరిన ఎగురుళ్లకు నీ మోకాళ్లు ఇప్పుడు వడ్డీ కడుతున్నాయి.

మూడో సెట్టులో ఒక పిల్ల నేలకు అంటుకుపోయే బంతిని పడుకుని లేపింది. మన ఆరో మనిషి అలాగే లేపేది. పోటీలకు పది రోజులుందనగా దానికి ముహూర్తం పెట్టేశారు, మనం గుమాస్తాగారి మేనకోడలిని తెచ్చి నిలబెట్టాం, ఆ పిల్ల బంతి వస్తే కళ్లు మూసుకునేది. ఇన్నాళ్లూ ఆ కళ్లు మూసుకోవడం తలచుకుని నవ్వాం కానీ, పెళ్లయిన దాన్ని మళ్లీ ఎప్పుడైనా బంతి ముట్టుకున్నావా అని మనలో ఒక్కరం అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే... సరే, ఆ మాట రాయలేను.

నిన్న సాయంత్రం ఇక్కడి బడి మైదానానికి వెళ్లాను. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆడుతున్నారు. ఆ నెట్టు చూడగానే నాకు అనుమానం వచ్చి, ఇంటికి వెళ్లి కుట్టు టేపు తెచ్చి, మోకాలు నొప్పితోనే స్టూలు ఎక్కి కొలిచాను: 2.43. వ్యాయామం మాస్టారు చిన్నవాడు, వాదించకుండా అప్పటికప్పుడే దించాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

లింకన్ పిల్లలు ఈ ఏడు ఇంతవరకూ ఒక్క ఆటా ఓడలేదని అమ్మాయి చెప్పింది. వచ్చే ఆదివారం నువ్వు తప్పక రావాలి, ఇక్కడి పిల్లలకు ఆ ఇడ్లీ సర్వీసు నేర్పాలి, ఎందుకంటే నేను చేసి చూపిస్తే బంతి గొడుగు మాస్టారి మీద పడిన నాటి కథే మళ్లీ జరిగింది, ఈసారి పడింది ఎవరి మీదనో తెలుసా, మా... మేనల్లుడు చెప్పులు వేసుకుని నిలబడ్డాడు, పంటు కదిలిపోతుందని కేకలేస్తున్నాడు. ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను.

నీ
ఎడమచేతి స్మాష్