కారు వద్దమ్మా, లాంచీ ఉంది

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మిలాన్‌లో మేమంతా కులాసా.

నిన్న ఫోన్లో అల్లుడుగారు, మల్పెన్సా ఎయిర్‌పోర్టులో దిగగానే కారు అద్దెకు తీసుకుని నేరుగా కోమో సరస్సుకి పోదామన్నారు. స్పీకర్ పెట్టి అందరూ వింటున్నప్పుడు ఆయన మాటకు అడ్డు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. కానీ చెప్పకుండా ఉండలేను. ఈ ఉత్తరం మీరిద్దరూ కలిసి చదవండి. ఆ సరస్సుకి మాత్రం కారు వద్దమ్మా.

ఖర్చు గురించి అంటున్నాననుకునేరు. ఖర్చు కలిసొచ్చే మాట నిజమే గానీ, అసలు ఆ ఊళ్ల అమరికే కారుకి పడదు. ఎప్పుడో హిమానీనదం కొండల్ని తొలుచుకుంటూ పోయి చేసిన లోయలో నిలిచిన నీరది. నాలుగు వందల మీటర్ల పైనే లోతు. కొండ నిటారుగా దిగి అలాగే నీళ్లలోకి పోతుంది. మధ్యలో మిగిలిన కాస్త అంచు మీదే ఊరు, చర్చి, రోడ్డు, తూర్పు ఒడ్డున అయితే రైలు పట్టాలు కూడా ఇరుక్కుని ఉంటాయి. కోమో ఊరి నుంచి సరస్సు మధ్యలో ఉన్న బెల్లాజో ఊరికి పోయే రోడ్డు మీద ఒకసారి మీ అన్నయ్య మమ్మల్ని కారులో తీసుకెళ్లాడు. ఒకపక్క రాతిగోడ, ఇంకోపక్క నీళ్లు, మలుపు తర్వాత మలుపు. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తియ్యాలి. మీ అమ్మ వాంతి వస్తుందని కళ్లు మూసుకుని కూర్చుంది. వాడు స్టీరింగ్ బిగబట్టుకుని రోడ్డు తప్ప ఇంకేం చూడలేదు. తీరా చేరాక పార్కింగ్ కోసం తిరగడంతోనే చాలాసేపు పోయింది.

పైగా ఇటలీలో పాత ఊళ్ల నడిబొడ్డున బయటి కార్లు రాకూడని వీధులుంటాయి. జెడ్‌టీఎల్ అని బోర్డు ఉంటుంది, కెమెరా ఉంటుంది. తెలియక దూరితే అప్పుడేం కాదు. నెలల తర్వాత కారు అద్దెకిచ్చిన కంపెనీ వాళ్లు మీ వివరాలు ఇచ్చినందుకు తమ రుసుము కార్డులో కోసుకుంటారు, ఆ తర్వాత జరిమానా కాగితం ఇంటికొస్తుంది. మన లైసెన్సుకి తోడు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. సెలవుల్లో ఈ టెన్షన్ అంతా ఎందుకు?

అసలు మాట ఇది. అల్లుడుగారు ఏడాది పొడవునా హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ బండి నడుపుతూనే ఉన్నారు. ఇక్కడికొచ్చి కూడా ఆయన రోడ్డే చూడాలా? కారెక్కితే ఆయన ముందుకి చూస్తూ, నువ్వు పక్కన ఫోన్‌లో దారి చెబుతూ, వెనక మీ అత్తయ్యగారూ బుజ్జిగాడూ బెల్టులు పెట్టుకుని ఉంటారు. లాంచీ ఎక్కితే నలుగురూ ఒకే బల్ల మీద ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చుంటారు. ఆయన ఒళ్లో వాడు ఉంటాడు. నేను నా ఉద్యోగమంతా ఆర్టీసీ డిపోలో సర్వీసులు చూసుకుంటూ గడిపాను కాబట్టి బస్సులూ రైళ్లూ అంటే పక్షపాతం అనుకోవచ్చు నువ్వు. అనుకో. కానీ మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో నేనూ మీ అమ్మా టికెట్లు కొనుక్కుని ఆ సరస్సంతా తిరిగాం. భాష రాని ఇద్దరు ముసలివాళ్లకి ఎక్కడా ఇబ్బంది కాలేదు.

దారి చెబుతాను. మల్పెన్సాలో టెర్మినల్ నుంచే రైలుంది, గంటలోపు మిలానో సెంత్రాలె స్టేషన్‌లో దింపుతుంది. నేనూ అన్నయ్యా అక్కడికొస్తాం. అక్కడి నుంచి మీరు వెళ్లాల్సింది సరస్సు ఒడ్డున ఉన్న వరెన్నా అనే ఊరికి. బోర్డు మీద ఆ పేరు కోసం వెతక్కండి, కనిపించదు. రైలు చివరి స్టేషన్ పేరు రాస్తారు, అది తిరానో. గంట పైన కొద్ది నిమిషాల్లో వరెన్నా. ప్రాంతీయ రైలు కాబట్టి రిజర్వేషన్ ఉండదు, ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ధర ఒకటే. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. అది మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. శని, ఆదివారాల్లో పొద్దున్నే ఈ రైలు కిక్కిరిసి ఉంటుంది, వారం మధ్యలో ప్రయాణం పెట్టుకోండి.

మధ్యలో వచ్చే లెక్కో ఊరి దాకా మామూలు పట్నం దారే. లెక్కో దాటగానే ఎడమవైపు సరస్సు మొదలవుతుంది, కాబట్టి ఎడమ కిటికీలు చూసుకుని కూర్చోండి. సొరంగంలోకి పోవడం, బయటికొచ్చేసరికి నీళ్లు, మళ్లీ సొరంగం. బుజ్జిగాడికి భలే సరదా. ఇంకో సంగతి అల్లుడుగారికి చెప్పు, ఆయన ఎలక్ట్రికల్ కదా. మెయిన్ లైన్ రైలుని హై వోల్టేజీ త్రీ ఫేజ్ కరెంటుతో ప్రపంచంలో మొదటిసారి నడిపింది ఈ లైన్లోనే, 1902లో. లెక్కో నుంచి పైకి కొండల దాకా. కాల్మాన్ కాండో అనే హంగేరీ ఇంజనీరు చేశాడు. అంత పాత దారి మీద వెళుతున్నామని తెలిస్తే ఆయన కారు సంగతి తనే మరిచిపోతారు.

స్టేషన్ నుంచి పడవల రేవుకి దిగుడు దారిలో పది నిమిషాల నడక. ఇక అక్కడి నుంచి లాంచీల సంగతి. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే సరస్సంతా మీదే.

సరస్సు తిరగేసిన వై అక్షరంలా ఉంటుంది. రెండు కాళ్ల చివర కోమో ఒకటి, లెక్కో ఒకటి. మూడు పాయలూ కలిసేచోట వరెన్నా, బెల్లాజో, మెనాజ్జో, కదెనాబ్బియా, ఈ నాలుగూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నాయి. వరెన్నా నుంచి బెల్లాజోకి నీళ్ల మీద పావుగంట. అదే రోడ్డు మీద అయితే లెక్కో దాకా కిందికి పోయి మళ్లీ పైకి రావాలి. ఇంకేం చెప్పాలి! ఈ సరస్సు మీద 1826లోనే ఆవిరి పడవలు తిరిగాయి. అక్కడి ఊళ్లు తమ ముఖాల్ని నీటివైపే పెట్టుకున్నాయి. చర్చి మెట్లు, బంగళాల గేట్లు, హోటళ్ల వరండాలు అన్నీ రేవు వైపే. రోడ్డు మీద వచ్చేవాళ్లకి కనిపించేది పెరటి గోడలే.

ఈ లాంచీలు నడిపేది ప్రభుత్వ సంస్థ. ఈ సరస్సూ, గార్దా, మజ్జోరె సరస్సులూ, మూడూ దాని కిందే. పడవలు మూడు రకాలు. ఒకటి మన సఖినేటిపల్లి రేవులో పంటు లాంటిది, కార్లెక్కించుకునేది. దాన్ని త్రగెత్తో అంటారు. ఆ నాలుగు ఊళ్ల మధ్యే తిరుగుతుంది. మనుషులు కూడా ఎక్కొచ్చు. సెలవు రోజుల్లో కార్లవాళ్లు వరసలో ఎండలో నిలబడి ఉంటే, కాలినడకన వచ్చినవాళ్లు ముందే ఎక్కేస్తారు. రెండోది బత్తెల్లో, మామూలు లాంచీ. ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ ఊరూరా ఆగుతూ పోతుంది. పైన తెరిచిన డెక్ ఉంటుంది. నాకు ఇదే ఇష్టం. మూడోది వేగంగా పోయేది, దానికి అదనంగా డబ్బు కట్టాలి, లోపలే కూర్చోవాలి, కిటికీ అద్దంలోంచి చూడాలి. ఎక్కడికైనా తొందరగా చేరాల్సి వస్తే తప్ప అది ఎక్కొద్దు.

మధ్య సరస్సులో రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే టికెట్ ఇస్తారు. అది తీసుకోండి. ఎక్కడైనా దిగొచ్చు, నచ్చకపోతే వచ్చే లాంచీ ఎక్కొచ్చు, వాడు ఏడిస్తే వెనక్కి రావొచ్చు. టైంటేబుల్‌లో ఫెరియాలె అంటే సోమవారం నుంచి శనివారం దాకా పనిరోజులు, ఫెస్తీవో అంటే ఆదివారాలూ పండగలూ. ఈ రెండు మాటలు చూడకపోవడం వల్లే సగంమంది లేని లాంచీ కోసం ఎదురుచూస్తుంటారు. టైంటేబుల్ కాలాన్ని బట్టి మారుతుంది కూడా. దిగగానే ఆ రోజు చివరి లాంచీ ఎన్నింటికో రేవులో బోర్డు మీద ఫోటో తీసుకోండి. దానికి ముందు లాంచీకే తిరిగొచ్చేలా పెట్టుకోండి, చివరిదానికి ఎప్పుడూ జనం ఎక్కువ.

గాలి గురించి అక్కడివాళ్లు చాలా చెబుతారు. తెల్లవారుజామున ఉత్తరం నుంచి వచ్చేది తివానో, మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి వచ్చేది బ్రేవా. ఎండకి కొండలు వేడెక్కి గాలిని పైకి లాగడం వల్ల ఇలా అవుతుంది. మీకు కావాల్సింది ఏమిటంటే, పొద్దున్న నీళ్లు కదలకుండా ఉంటాయి, సాయంత్రం డెక్ మీద చలేస్తుంది. మే నెల అయినా అత్తయ్యగారికి ఒక శాలువా, వాడికి ఒక స్వెట్టర్ చేతిసంచిలో ఉండాలి.

ఏం చూడాలో అల్లుడుగారు పెద్ద లిస్టు పంపారు. అందులో సగం తీసెయ్యి. మేలో వస్తున్నారు కాబట్టి విల్లా కార్లొత్తా తోట మాత్రం వదలొద్దు. అజేలియాలూ రోడోడెండ్రాన్లూ మనిషి కన్నా ఎత్తున పూసి ఉంటాయి. తోట గేటు ముందే లాంచీ రేవు ఉంది. అక్కడి నుంచి అటూ ఇటూ గ్రీన్‌వే అని నడకదారి ఉంది, కొలొన్నో నుంచి గ్రియాంతె దాకా పది కిలోమీటర్లు. మొత్తం నడవక్కర్లేదు. దారి పొడవునా రేవులున్నాయి, కాళ్లు నొప్పెట్టిన ఊళ్లోనే లాంచీ ఎక్కేయండి. కారు ఒకచోట పెట్టి వస్తే మళ్లీ దాని దగ్గరికే నడిచి పోవాలి కదా.

బెల్లాజోలో అందరూ మెట్ల వీధులెక్కి కొట్లు చూస్తారు. మీరు విల్లా మెల్సి తోటకి వెళ్లండి, సరస్సు అంచునే చదునుగా ఉంటుంది, అత్తయ్యగారు హాయిగా నడుస్తారు. విల్లా బాల్బియానెల్లో అనే బంగళా చాలా బాగుంటుంది కానీ సోమ, బుధవారాలు మూసేస్తారు, ముందు చూసుకోండి. వరెన్నా పక్కనే ఫ్యూమెలాత్తె అని ఒక ఏరుంది. పొడవు మొత్తం 250 మీటర్లే. కొండలోంచి పుట్టి, తెల్లగా నురగలు కక్కుతూ సరస్సులో పడిపోతుంది. చలికాలం ఎండిపోతుంది, మేలో ఉంటుంది. వాడికి ఏరు పుట్టే చోటూ కలిసే చోటూ ఒకే రోజు చూపించొచ్చు.

ఒక రోజు ఖాళీ ఉంటే అదే వరెన్నా స్టేషన్‌లో అదే రైలెక్కి చివరి దాకా పోండి. తిరానోలో స్విస్ వాళ్ల ఎర్ర రైలు, బెర్నీనా, ఉంటుంది. 2,253 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, పళ్ల చక్రం లేకుండా. మే నెలలో కూడా పైన మంచుంటుంది. మీ షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌కీ చెల్లుతుంది, పాస్‌పోర్టులు దగ్గరుంచుకోండి.

తిండి గురించి అత్తయ్యగారిని బెంగపడొద్దను. పిత్సొక్కెరి అని ఆ కొండల వంటకం ఉంది, బక్‌వీట్ పిండితో చేసిన పట్టీలు, క్యాబేజీ, బంగాళాదుంప, జున్ను, వెన్న. మాంసం, చేప ఉండవు. మీ అమ్మకి బాగా నచ్చింది, కాస్త కారప్పొడి చల్లుకుంది. మాగాయ తెచ్చుకో, నెయ్యి మాత్రం తేవద్దు, పాలతో చేసినవి బయటి నుంచి ఇక్కడికి రానివ్వరు.

ఇక్కడి రైళ్లతో ఒకటే చిక్కు, సమ్మెలు. ముందే ప్రకటిస్తారు. సమ్మె ఉన్నా పనిరోజుల్లో పొద్దున్న 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 కొన్ని రైళ్లు తప్పనిసరిగా నడుపుతారు. అందుకని తిరిగి వెళ్లే ముందురోజు రాత్రికే ఇంటికి వచ్చెయ్యండి, విమానం రోజున సరస్సు దగ్గర ఉండొద్దు. వచ్చేటప్పుడు వెళ్లిన దారినే రావద్దు. లాంచీలో కోమో దాకా రండి, రెండు గంటల పైనే పడుతుంది, పట్టనీ. కోమోలో రేవు పక్కనే స్టేషన్, మిలాన్‌కి గంట. సామాను తక్కువుంటే దారిలో బ్రూనాతె కొండకి తాడు రైలు కూడా ఎక్కొచ్చు, 1894 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది.

ఇక బస. నా మనసులో వరెన్నానే ఉంది, రైలూ లాంచీ రెండూ అక్కడే కాబట్టి. కానీ ఆ ఊళ్లో సందులన్నీ రాతిమెట్లు. అత్తయ్యగారి మోకాళ్లు ఇప్పుడెలా ఉన్నాయి? పొద్దునా సాయంత్రం మెట్లు ఎక్కి దిగగలరా? ఆవిడ మొహమాటానికి బాగానే ఉన్నాయంటారు, అల్లుడుగారిని అడుగు. కష్టమనుకుంటే ఎదురొడ్డున మెనాజ్జోలో చూస్తాను, అక్కడ సరస్సు పక్కన చదునుగా ఉంటుంది, కోమోకి బస్సు కూడా ఉంది. రేపటికల్లా చెబితే గది మాట్లాడేస్తాను, మేలో తొందరగా నిండిపోతాయి.

బుజ్జిగాడికి ముద్దులు.

మీ నాన్న